చింతచెట్టు కింది మాట



పుంగనూరు దగ్గర ఒక పల్లె. ఊరి నడుమ పాలకేంద్రం, దాని పక్కన రేకుల షెడ్డు. కొన్నేళ్ల కిందట ఆ షెడ్డులో ఒక మీటింగు జరిగింది. పాలు పోసే ఆడవాళ్లు నలభై మంది దాకా వచ్చి కింద పట్టాల మీద కూర్చున్నారు. ఎదురుగా ఒక బల్ల, బల్ల వెనక నాలుగు కుర్చీలు, ఒక మైకు. ఆ కుర్చీల్లో ఒకదాంట్లో నేనూ ఉన్నాను. పాల సంస్థ తరఫున వచ్చినాయన గంటంబావు మాట్లాడారు. చిన్న కేంద్రాలు గిట్టుబాటు కావడం లేదు, వచ్చే నెల నుంచి దీన్ని రెండు కిలోమీటర్ల అవతలున్న పెద్ద కేంద్రంలో కలిపేస్తున్నాం, అందరూ సహకరించాలి అన్నారు. చివర్న "ఎవరికైనా డౌట్లున్నాయా?" అని అడిగారు. ఒక్కరూ నోరు విప్పలేదు. "అయితే అందరికీ సమ్మతమే" అని పుస్తకంలో రాసుకున్నారు. సంతకాలయ్యాయి, వేలిముద్రలయ్యాయి, టీ అయింది.

బస్సు కోసం నేను రోడ్డు పక్కన చింతచెట్టు కింద నిలబడ్డాను. కాసేపటికి ఆ ఆడవాళ్లే నలుగురైదుగురుగా అక్కడికి చేరారు. అప్పుడు మొదలైంది అసలు మీటింగు. "సాయంత్రం పాలు పిండేసరికి పొద్దు మునుగుతుంది. చీకట్లో ఆ వంక దాటుకోని యాడికి పోయేది?" అంది ఒకామె. "ఆడ ఫ్యాటు తక్కువ పడితే ఎవురినడగల్ల?" అంది ఇంకొకామె. "ఇన్నేండ్లు మన పాలు చూసిన పిల్ల గతేమి?" అని మరొకామె. అందరికంటే పెద్దావిడ నా ముఖంలోకి చూసి, "నువ్వూ ఆ కుర్చీలోనే కూచోనుంటివి గదా నాయనా, ఒక్క మాటన్నా చెప్పకపోతివే" అంది.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. షెడ్డులో గంటంబావు పాటు దొరకని మాటలన్నీ చెట్టు కింద పది నిమిషాల్లో దొరికాయి. అదే మనుషులు, అదే విషయం. మారింది కూర్చున్న తీరు, అడిగిన తీరు. సంస్థలకు కష్టకాలం వచ్చినప్పుడు పెట్టుకునే మీటింగుల గురించి ఈ రోజు మీతో మాట్లాడాలని ఉంది. చింతచెట్టు కింద పలికే మాట షెడ్డు లోపలే పలికేలా మీటింగు పెట్టడం ఎలాగన్నదే నా ప్రసంగమంతా.

మన పల్లెల్లో దండోరా వేసే ఆచారం ఉండేది. తప్పెట కొట్టి కబురు చెప్పేవాళ్లు. దండోరా వేసే మనిషిని ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు, వేసినా ఆయన దగ్గర జవాబుండదు. అందులో తప్పు లేదు, కబురు చేర్చడానికి అది చక్కని పద్ధతి. తప్పెక్కడంటే, దండోరా వేసి దానికి మీటింగని పేరు పెట్టడంలో. నిర్ణయమంతా అయిపోయాక జనాన్ని పిలిపించి, వాళ్ల మౌనాన్ని సమ్మతిగా రాసుకోవడంలో.

ఈ తేడాను లెక్కగట్టి చూసినవాళ్లున్నారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికాలో మాంసానికి కొరత వచ్చింది. గుండె, మూత్రపిండాలు లాంటి భాగాలను కూడా వండుకోమని గృహిణులను ఒప్పించాల్సి వచ్చింది. కర్ట్ లెవిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొందరు గృహిణులకు చక్కటి ఉపన్యాసం ఇప్పించారు. ఇంకొందరిని కూర్చోబెట్టి, దీనివల్ల మీకు ఇంట్లో వచ్చే ఇబ్బందులేమిటో మీరే మాట్లాడుకోండి అన్నారు. ఉపన్యాసం విన్నవాళ్లలో నూటికి ముగ్గురే ఇంటికెళ్లి వండారు. మాట్లాడుకున్నవాళ్లలో నూటికి 32 మంది వండారు.

ఆ తర్వాత లెస్టర్ కోక్, జాన్ ఫ్రెంచ్ అనే ఇద్దరు వర్జీనియాలో పైజమాలు కుట్టే ఫ్యాక్టరీలో ఇలాంటి పరిశీలనే చేసి 1948లో అచ్చువేశారు. పని పద్ధతి మార్చక తప్పని పరిస్థితి. ఒక గుంపు కార్మికులకు మార్పు ఎందుకో వివరించి, డౌట్లు తీర్చి పంపారు. అంటే అచ్చంగా మన రేకుల షెడ్డు మీటింగే. వాళ్ల ఉత్పత్తి పడిపోయి మళ్లీ లేవలేదు. 40 రోజుల్లో నూటికి 17 మంది పని మానేసి వెళ్లిపోయారు. వేరే గుంపుల్లో మాత్రం కొత్త పద్ధతి ఎలా ఉండాలో తేల్చే పనిలోనే కార్మికులందర్నీ కూర్చోబెట్టారు. వాళ్లు కొద్ది రోజుల్లోనే తేరుకుని, పాత ఉత్పత్తిని దాటిపోయారు. ఆ గుంపుల్లో ఒక్కరూ మానలేదు. మార్పు అందరికీ ఒకటే, కూర్చోబెట్టిన తీరులోనే తేడా.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. అన్ని మార్పులూ చర్చించి ఆపగలిగినవి కావు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం ఉంది. 1915లో అక్కడ క్షయ శానిటోరియం తెరిచారు. దక్షిణ దేశమంతటి నుంచీ రోగులు వచ్చి, మంచి గాలిలో, మంచి తిండితో నెలల తరబడి మంచం మీద గడిపేవాళ్లు. తర్వాత క్షయకు మందులొచ్చాయి. ఇంట్లో ఉండి మందులు వాడినా శానిటోరియంలో ఉన్నంతగానూ నయమవుతుందని 1950ల చివర్లో మద్రాసులో జరిగిన పరిశోధన తేల్చింది. మందు గెలిచింది, మంచాలతో పని తీరిపోయింది. ఎవరి తప్పూ లేకుండానే ఒక పెద్ద సంస్థ తన పనిని కొత్తగా వెతుక్కోవలసి వచ్చింది. ఈనాడు అది అన్ని జబ్బులూ చూసే ఆసుపత్రి. ఇలాంటి మార్పు వచ్చినప్పుడు అక్కడ పనిచేసే మనిషికి ముందు కావలసింది ఓదార్పు కాదు. ఏది తేలిపోయింది, ఏది ఇంకా తేలలేదు అన్న నిజం కావాలి.

అలాంటి నిజాన్ని నిక్కచ్చిగా చెప్పిన మనిషి ఒకరు మదనపల్లెలోనే పుట్టారు. జిడ్డు కృష్ణమూర్తి. ఆయన్ని జగద్గురువుగా నమ్మినవాళ్లు 1911లో ఆర్డర్ ఆఫ్ ది స్టార్ ఇన్ ది ఈస్ట్ అనే సంస్థను నిలబెట్టారు. దేశదేశాల్లో వేలమంది సభ్యులు చేరారు. 1929 ఆగస్టు 3న హాలెండులోని ఓమెన్ శిబిరంలో, తనను అలా నమ్మిన అనీబిసెంట్ ఎదుట, మూడువేల మందికి పైగా సభ్యుల ముందు ఆయన ఆ సంస్థను రద్దు చేస్తున్నానని ప్రకటించారు. ఆరోజు ఆయన మీ అభిప్రాయాలు చెప్పండి అని అడగలేదు. నిర్ణయం అయిపోయింది, కాబట్టి అయిపోయిందనే చెప్పారు. తేల్చేసిన సంగతిని తేల్చేశామని చెప్పడం జనానికి ఇచ్చే మర్యాద. తేల్చేసి కూడా మీరేమంటారు అని అడగడం మర్యాదలా కనిపించే అవమానం.

అదే కృష్ణమూర్తి తర్వాతి కాలంలో భౌతికశాస్త్రవేత్త డేవిడ్ బోమ్‌తో ఏళ్ల తరబడి సంభాషణలు జరిపారు. ఒకరు గెలిచి ఒకరు ఓడే వాదన కాదది, ఇద్దరూ కలిసి చేసే వెతుకులాట. ఆ అనుభవం బోమ్‌ను గుంపుల వైపు నడిపించింది. ఇరవై నుంచి నలభై మంది వలయంగా కూర్చోవాలి, ఎవరూ అధ్యక్షులు కారు, నా అభిప్రాయమే నిజమన్న పట్టును కాసేపు పక్కన పెట్టి ఎదుటివాళ్లను వినాలి అన్నది ఆయన పద్ధతి. ఈ పద్ధతి లోకంలోని ఎన్నో సంస్థల మీటింగు గదుల్లోకి చేరింది. దాని వేరు ఒకటి మన మదనపల్లె మట్టిలో ఉంది.

మళ్లీ మన పాలకేంద్రం దగ్గరికి వద్దాం. పెద్దావిడ అన్న మాట నన్ను నిద్రపోనివ్వలేదు. ఇంకోసారి మీటింగు పెట్టనివ్వండని సంస్థవాళ్లను అడిగాను. ఒప్పుకున్నారు, అందుకు వాళ్లను మెచ్చుకోవాలి.

ముందు రెండురోజులు నేను ఇళ్ల చుట్టూ తిరిగాను. ఎవరిని ఈ మార్పు ఎక్కువ బాధిస్తుందో వాళ్ల గడపే ముందుగా తొక్కాను. మీటింగు బాగా జరగాలంటే సగం పని మీటింగుకు ముందే జరగాలి.

తర్వాత వేళ. పాలుపోసే ఆడమనిషికి తెల్లవారుజామూ సాయంత్రమూ పశువుల దగ్గరే పోతాయి. పొద్దున పదకొండుకు వంట ముగించి, మధ్యాహ్నం గడ్డికి పోయేలోపల ఉన్న రెండు గంటలే ఆమెవి. మదనపల్లె చుట్టుపక్కల టమోటా రైతులనైతే కోతరోజు పిలవకూడదు, ఆరోజు కాయను మార్కెట్టుకు చేర్చే దాకా వాళ్లకు ఇంకో ధ్యాస ఉండదు. కుప్పంలో రైలు వేళ చూసుకోవాలి. పనుల కోసం రోజూ బెంగళూరు వైపు వెళ్లొచ్చేవాళ్లు అక్కడ ఎందరో. సాయంత్రం నాలుగుకు మీటింగు పెడితే, వాళ్లు రాలేదని నింద వాళ్ల మీద పడుతుంది. నిజానికి వేళ పెట్టినవాళ్లే వాళ్లను రానివ్వలేదు.

ఆ తర్వాత కూర్చోవడం. బల్ల తీసేశాం, కుర్చీలు తీసేశాం, మైకు తెప్పించలేదు. అందరం పట్టాల మీద గుండ్రంగా కూర్చున్నాం. సంస్థాయన కూడా బూట్లు విప్పి వచ్చి మా నడుమ కూర్చున్నారు. ఆయన చెప్పింది మూడే మూడు ముక్కలు. ఈ కేంద్రం మూతపడుతుంది, అది తేలిపోయింది. ఎప్పటి నుంచి, సాయంత్రం పాలెలా, పాలు చూసే అమ్మాయి సంగతేమిటి, ఇవి తేలలేదు, మీతో కలిసే తేల్చాలి. పాలధర నా చేతిలో లేదు, దాని మీద మాటివ్వలేను. అయిదు నిమిషాల్లో అయిపోయింది. మొదటిసారి గంటంబావు మాట్లాడిన మనిషే ఆయన.

అప్పుడు డౌట్లున్నాయా అని అడగలేదు. నలభై మంది ఎదుట లేచి నిలబడి మాట్లాడటం ఎవరికైనా భయమే. "పక్కనున్న అక్కతో చెప్పుకోండి, ఈ మార్పుతో మీ ఇంట్లో ఏ పని కష్టమవుతుంది?" అన్నాం. షెడ్డంతా ఒక్కసారిగా తేనెతుట్టె కదిలినట్టయింది. ఇద్దరిద్దరు మాట్లాడుకున్నాక నలుగురు నలుగురుగా కూర్చున్నారు. ఆ తర్వాతే అందరి ముందుకూ మాట వచ్చింది. అప్పటికి అది ఒక్కమనిషి గోడు కాదు, నలుగురి మాట. నలుగురి మాట చెప్పడానికి గొంతు వణకదు.

కుప్పం వైపు ఒక మీటింగులో ఇదే పద్ధతి ఇంకో మేలు చేసింది. అది మూడు రాష్ట్రాలు కలిసే చోటు. ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్లు, కన్నడం మాట్లాడేవాళ్లు, మన తెలుగువాళ్లు ఒకే గుంపులో ఉంటారు. పుస్తకాల తెలుగులో అడిగినంతసేపూ సగంమంది తలలు ఊపుతూ కూర్చున్నారు. ఎవరి ఇంటిమాటలో వాళ్లు పక్కవాళ్లతో చెప్పుకోండి అన్నాక ఆ తలలు ఊగడం మాని మాట్లాడటం మొదలుపెట్టాయి.

పాలకేంద్రం షెడ్డులో తర్వాత చేసిన పని ముగ్గుపిండితో నేల మీద ఊరు గీయడం. ఇదిగో రోడ్డు, ఇదిగో వంక, ఇదిగో దీపం వెలగని స్తంభం, అదిగో పెద్ద కేంద్రం. చదువు రానివాళ్లు కూడా వేలుపెట్టి చూపించి సరిదిద్దారు. తర్వాత ఒక్కొక్కరి చేతికి మూడు చింతపిక్కలిచ్చి, మీకు ఎక్కువ కష్టమనిపించిన చోట వేయండి అన్నాం. పిక్కల్లో సగానికి పైగా వంక దగ్గరే కుప్పపడ్డాయి. సంస్థాయన వంగి ఆ కుప్పను చాలాసేపు చూశారు. పది ఉత్తరాలు రాసినా ఆయనకు అంత స్పష్టంగా తెలిసేది కాదేమో. గింజలతో, రాళ్లతో, నేల మీది బొమ్మలతో పల్లెజనమే తమ సంగతి తాము లెక్కవేసుకునే ఈ పద్ధతులు మన దేశంలో 1990 ప్రాంతంలో బాగా వ్యాపించాయి. రాబర్ట్ చాంబర్స్ వాటి గురించి లోకానికి చెప్పిన పెద్దమనిషి.

నీళ్ల విషయంలో ఇంతకంటే పెద్ద ప్రయత్నాలు మన వైపు జరిగాయి. ఎండిపోతున్న బోర్లు ఒక్క రైతు కష్టం కాదు, ఊరంతా కలిసి మారాల్సిన కష్టం. చిత్తూరుతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో 2000ల నడుమ ఆంధ్రప్రదేశ్ రైతుల భూగర్భ జల నిర్వహణ పథకం నడిచింది. వానను రైతులే కొలిచారు, బావుల్లో నీటిమట్టాన్ని రైతులే కొలిచారు. వానాకాలం ముగిశాక అందరూ కూర్చుని, ఉన్న నీళ్లెన్ని, వేయబోయే పైర్లకు కావలసినవెన్ని అని నీటి బడ్జెట్ వేసుకున్నారు. ఫలానా పైరు వేయొద్దని ఎవరూ ఎవరినీ బలవంతపెట్టలేదు. అంకెలు ఎవరో తెచ్చి చూపిస్తే అనుమానం పుడుతుంది, చేత్తో కొలిచినవాడికి పుట్టదు.

తర్వాత మదనపల్లె ప్రాంతంలో పనిచేసే ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ, అంతర్జాతీయ పరిశోధకులతో కలిసి రాయలసీమ పల్లెల్లో ఒక ఆట ఆడించింది. అయిదుగురు కూర్చుంటారు. అందరికీ ఒకే భూగర్భ జలం. ఏటా ఒక్కొక్కరు నీళ్లు తక్కువ తాగే పైరో, ఎక్కువ తాగే పైరో ఎంచుకుంటారు. ఎక్కువ తాగే దానికి డబ్బెక్కువ. మొదట ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ఆడాలి, తర్వాత మాట్లాడుకుంటూ ఆడాలి. చివర్న ఊరంతా కూర్చుని, ఆటలో జరిగిందేమిటి, మన బోర్లలో జరుగుతున్నదేమిటి అని ముచ్చటించుకోవాలి. 2018లో అచ్చయిన పరిశోధన ప్రకారం, ఆట ఆడిన ఊళ్లు నీటి లెక్కల పుస్తకాలు పెట్టుకోవడంలో, నీటి వాడకానికి కట్టుబాట్లు చేసుకోవడంలో ముందున్నాయి. నీళ్లు తోడేశావు అని పొరుగువాడిని ముఖాన అంటే తగాదా అవుతుంది. అదే మాట ఆటలో బయటపడితే అందరూ నవ్వుతారు, నవ్వాక ఆలోచిస్తారు.

మీటింగులో ఇంకొకదానికి చోటుండాలి. అది బాధ. పాలకేంద్రం రెండో మీటింగులో ఒకామె "ఈ కేంద్రం మా అత్త కాలం నాటిది" అని ఏడ్చింది. ఎవరో "ఊరుకో, ఊరుకో" అన్నారు. ఊరుకోబెట్టకండి అని నేను బతిమాలాను. పోయేదేదో దాన్ని పోతోందని చెప్పుకోనివ్వాలి. ఏడుపును నొక్కిపెట్టి లాభనష్టాల లెక్క చెబితే, ఆ లెక్క ఎవరి చెవికీ ఎక్కదు.

చివరగా తీర్మానాల పుస్తకం. మన సంఘాల్లో ఒక చెడ్డ అలవాటు చాలా చోట్ల చూశాను. ముందు ఖాళీ పేజీ మీద సంతకాలు, తీర్మానం ఆ తర్వాత తీరిగ్గా. అక్కచెల్లెళ్లారా, ఖాళీ పేజీ మీద సంతకం పెట్టకండి. రాసినవాళ్లను పైకి చదవమనండి. ఎవరు, ఏ పని, ఏ తేదీలోపల అన్నవి మూడూ అందులో ఉన్నాయో లేదో వినండి. మళ్లీ ఎప్పుడు కూర్చుని చూసుకుంటామో ఆ తేదీ కూడా రాయించండి. అప్పుడు పెట్టండి సంతకం.

ఆరోజు పుస్తకంలో పడినవి ఇవి. మూసే తేదీని రెండునెలలు వెనక్కి జరిపారు. సాయంత్రం పాలకు ఆటో పెట్టి, బాడుగలో సగం సంస్థ భరిస్తుంది. పెద్ద కేంద్రంలో పాలు చూసేటప్పుడు మన ఊరి ఆడవాళ్లు ఇద్దరు వంతులవారీగా దగ్గర నిలబడతారు. పాలు చూసే అమ్మాయికి అక్కడ సాయంత్రం పని ఇస్తారు. ఈ ఆలోచనల్లో ఒక్కటీ నాది కాదు, సంస్థాయనది కాదు. అన్నీ పట్టాల మీద పుట్టినవే.

కష్టమంతా తీరిపోయిందని చెప్పను. పూటకు లీటరు పోసే ముగ్గురు అవ్వలు ఏడాది తిరక్కముందే ఆవుల్ని అమ్ముకున్నారు. మంచి మీటింగు మార్పును ఆపలేదు, నష్టాన్ని మాయం చేయలేదు. నష్టపోయేవాళ్లు ఎవరో అందరికీ కనిపించేలా చేసింది. కనిపించాక కొంతైనా పంచుకోవడానికి వీలైంది.

సంఘాలు నడిపేవాళ్లు, బడులు నడిపేవాళ్లు, ఆఫీసులు నడిపేవాళ్లు నా మాట వింటూ ఉండవచ్చు. మీ సంస్థకూ ఏదో ఒకరోజు కష్టమైన కబురు చెప్పాల్సి వస్తుంది. ఆరోజు మీటింగు ఎలా జరిగిందో తెలుసుకోవాలంటే మినిట్స్ పుస్తకం చూడకండి. బయటికెళ్లి మీ వాళ్లు నిలబడే చోట కాసేపు నిలబడండి.

ఆ రెండో మీటింగు అయ్యాక నేను మళ్లీ అదే చింతచెట్టు కింద బస్సు కోసం నిలబడ్డాను. ఆడవాళ్లూ వచ్చారు. చెవి ఒగ్గి విన్నాను. ఎవరి కూతురికో పెళ్లి కుదిరిందట, టమోటా ధర కాస్త లేచిందట. పెద్దావిడ నా పక్కకు వచ్చి, "బస్సు ఇప్పుడే రాదు గానీ, ఇట్ల కూచో నాయనా" అని బండ మీద చోటు చూపించింది.